రేవు సుంకం, పత్రం రుసుము

ఓడ సరుకు విలువపై రాజ్యం వసూలు చేసే సుంకం వేరు, ఆ సరుకు వివరాలను అధికారులకు పత్రరూపంలో ప్రకటించేందుకు వర్తకుడికి అయ్యే ఖర్చు వేరు. తెలుగు తీరంలో మొదటిదాని చరిత్రకు అత్యంత విలువైన ఆధారం కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సొమ్మంతా పూర్వపు రాజులు లాక్కునేవారనీ, ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకులపై దయతో తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆయన అందులో ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పయ్యోవంతును సాధారణ రేటుగా నిర్ణయించి, చందనం, కర్పూరం, ముత్యాలు, మిరియాల వంటి సరుకులకు విడివిడిగా రేట్లు చెక్కించాడు. పరదేశి వర్తకుడు తాను చెల్లించాల్సిందెంతో సరుకు దించకముందే తెలుసుకోగలగడం సుంకం తగ్గింపు కన్నా పెద్ద మేలు. 1358లో రెడ్డిరాజు అన్నవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు.

గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్నంలో కథ మారింది. ఏటా 500 పగోడాలు, అంటే ఆనాటి బంగారు నాణేలు, చెల్లిస్తే గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వర్తకం చేసుకోవచ్చని 1632లో సుల్తాను ఆంగ్ల కంపెనీకి ఫర్మానా ఇచ్చాడు. అందరికీ చెల్లే రేటు స్థానంలో ఒక్కరికే దక్కే రాయితీ వచ్చింది.

పత్రానికి ప్రాధాన్యం పెంచినది బ్రిటిష్ కాలపు 1878 సముద్ర కస్టమ్స్ చట్టం. దాని స్థానంలో వచ్చిన 1962 కస్టమ్స్ చట్టం దిగుమతికి బిల్ ఆఫ్ ఎంట్రీని, ఎగుమతికి షిప్పింగ్ బిల్లును తప్పనిసరి చేసింది. వీటిని దాఖలు చేసే పని ఎక్కువగా లైసెన్సు పొందిన కస్టమ్స్ బ్రోకర్లదే కనుక, వారికిచ్చే ఏజెన్సీ ఛార్జీయే వర్తకుడికి దాఖలు రుసుముగా కనిపిస్తుంది. 2017 నుంచి ఆలస్యానికీ ధర వచ్చింది: గడువు దాటిన దిగుమతి పత్రానికి మొదటి మూడు రోజులు రోజుకు 5,000 రూపాయలు, ఆపైన రోజుకు 10,000 రూపాయల చొప్పున కట్టాలి. 2021 సవరణతో ఓడ చేరడానికి ముందురోజుకే పత్రం దాఖలు కావాలన్నది సాధారణ నియమమైంది.

అంతకుముందే మరో భారం విదేశం నుంచి వచ్చిపడింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా, తన రేవులకు వచ్చే కంటైనర్ల వివరాలు విదేశీ రేవులో ఓడకెక్కించడానికి 24 గంటల ముందే అందాలని 2002 చివర్లో నియమం పెట్టింది. ఆ వివరాలు పంపినందుకు షిప్పింగ్ లైన్లు సాధారణంగా బిల్ ఆఫ్ లేడింగ్‌కు, అంటే సరుకు అందుకున్నట్టు ఓడ సంస్థ ఇచ్చే పత్రానికి, ఇంత అని వసూలు చేస్తాయి. లెక్క పత్రానికే గాని విలువకు కాదు కాబట్టి, విశాఖ నుంచి పది కంటైనర్ల రొయ్యలను ఒకే పత్రంపై పంపే పెద్ద ఎగుమతిదారుకు ఇది లెక్కలోకి రాదు. హైదరాబాద్ నుంచి నాలుగు పెట్టెలు పంపే చిన్న తయారీదారుకు మాత్రం లాభంలోంచే పోతుంది. మోటుపల్లి రేటు చిన్నవాడినీ పెద్దవాడినీ సరుకు విలువను బట్టే చూసింది, ఈ రుసుము అలా చూడదు. కిరాయి మాట్లాడుకునేటప్పుడే దీన్ని కొటేషన్‌లో రాయించుకోకపోతే, సరుకు ఓడెక్కాక వచ్చే బిల్లులోనే ఇది బయటపడుతుంది.