వల పట్టికయైన వైనము

నందివాడ మండలములో చేపల చెరువుల గట్లవెంట తిరిగినవారికి వలను గూర్చి చెప్పవలసిన పనిలేదు. ఆరవేసిన వలకు మొదలుగాని తుదగాని కానరాదు. ఏ ముడిని పట్టి యెత్తినను తక్కిన ముడులన్నియు దాని వెంటనే కదలివచ్చును. సమాచారమును గూడ ఇట్లే ముడులుగాను, ముడులను కలుపు దారములుగాను దాచు పద్ధతి యొకటి కలదు. గణితజ్ఞులు దానిని గ్రాఫు అందురు. బడిలో గళ్ల కాగితముమీద గీసిన గ్రాఫునకును దీనికిని పేరు పొత్తే కాని వేఱు చుట్టఱికము లేదు. కోనిగ్స్‌బెర్గు పట్టణమందలి యేడు వంతెనల చిక్కును ఆయిలరు మహాశయుడు 1736లో విచారించిననాడు దీనికి బీజము పడినది; గ్రాఫు అను పేరు మాత్రము 1878లో సిల్వెస్టరు పెట్టినది.

బుడమేరు కొల్లేటిలో కలియును. ఈ చిన్న వాక్యములో బుడమేరు ఒక ముడి, కొల్లేరు మఱియొక ముడి, ‘కలియును’ అనునది నడుమ దారము. నందివాడ గుడివాడ డివిజనులోనిది, గుడివాడ డివిజను కృష్ణా జిల్లాలోనిది అని ఇట్టి మూడేసి ముక్కల మాటలను పేర్చుకొనుచు పోయినచో లోకమంతయు వలలో పట్టును. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్విభజించినప్పుడు కైకలూరు, ముదినేపల్లి, మండవల్లి, కలిదిండి మండలములు ఏలూరు జిల్లాకు పోయినవి. నందివాడ కృష్ణా జిల్లాలోనే నిలిచినది. కాగితపు పట్టికలలో ఆ నాలుగు మండలముల పల్లెలన్నిటికిని ఎదురుగా జిల్లా పేరు కొట్టివేసి తిరిగి వ్రాయవలెను. వలలోనన్ననో నాలుగు దారములు విప్పి వేఱొకచోట ముడివేసిన చాలును, పల్లెల జోలికి పోనక్కఱలేదు.

అయినను మనుష్యుడు తుదకు కోరునది పట్టికనే. ఈ కోరిక మనకు క్రొత్తది కాదు. ఎవని చేను ఎవని చేనికి దిగువనున్నది, ఏ బోదెనుండి ఏ మడికి నీరు పాఱును, మురుగు ఏ కాలువలో పడును, ఏ దాయాదికి ఏ గట్టుతో తగవున్నది అను వలయంతయు ఊరి కరణము తలలో నుండెడిది. ఆయన చేతినుండి వెలువడునది మాత్రము వరుసలు, గడులు గల అడంగలు. 1984 జనవరిలో కరణీకములు రద్దయినవి. అడంగలు నిలిచినది, ఆ వల మాత్రము ఆయనతోనే పోయినది.

యంత్రలోకములో వలకును పట్టికకును నడుమ నడచిన పోరు చిత్రమైనది. 1960లలో అమెరికాలో చార్లెస్ బాక్‌మన్ నిర్మించిన సమాచారకోశము వలవంటిదే. కావలసినది ముడినుండి ముడికి పడవ నడుపుకొనుచు పోయి తెచ్చుకొనవలసినదే. 1973లో ట్యూరింగు పురస్కారము అందుకొన్నప్పటి ఉపన్యాసములో ఆయన ప్రోగ్రామరును నావికునితోనే పోల్చెను. అంతకుముందే, 1970లో, ఐబీఎం సంస్థవాడగు ఎడ్గర్ కాడ్, దారి చెప్పు శ్రమ మనుష్యునికేల, సమస్తమును పట్టికలుగా నుంచి కావలసినదేదో అడిగిన చాలదా యని వాదించెను. 1974లో చాంబర్లిన్, బాయిస్ అనువారలు అందుకు తగిన ప్రశ్నభాషను కల్పించిరి. నేడు మనమెఱిగిన ఎస్‌క్యూఎల్ దాని సంతానమే. పట్టిక గెలిచినది. కాని ఇంటర్నెట్టు పుట్టి విస్తరించిన కొలది ఆ గడులలో ఇముడని చుట్టఱికములు పెరిగి, ఓడిన వల తిరిగి రంగమునకు వచ్చినది. 1999 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము మూడు ముక్కల వాక్యముల పద్ధతికి ఆర్‌డీఎఫ్ అను పేర ఆమోదముద్ర వేసినది. ఆ వలనుండి పట్టికను రాబట్టు భాష స్పార్కిల్. అది 2008 జనవరి 15న ప్రామాణికమైనది. దాని పూర్తి పేరులోని మొదటి మాట మరల స్పార్కిలే. తన పేరు తానే చెప్పుకొను ఈ వింత ఇంజనీర్లకు సరదా కాబోలు, నాకు మాత్రము విసుగు.

స్పార్కిల్ భాష పోకడ మన సమస్యాపూరణమునకు చుట్టము. తెలిసినది చెప్పి తెలియనిచోట ఖాళీ విడువవలెను. ఖాళీకి ముందు ప్రశ్నార్థక చిహ్నముంచి పేరు పెట్టవలెను. ‘?ఊరు నందివాడ మండలములోనిది; ?ఊరు యొక్క జనసంఖ్య ?జనము’ అని రెండు పాదములిచ్చినచో, యంత్రము వలయంతయు గాలించి, ఆ రెండును ఒక్కసారి పొసగిన ప్రతి పూరణమును ఒక్కొక్క వరుసగా వ్రాయును. ఖాళీల పేర్లే పట్టికకు శీర్షికలగును. ఆ పేర్లు తెలుగు లిపిలో నున్నను భాష అంగీకరించును. సెలెక్ట్, వేర్ వంటి మాటలు మాత్రము ఆంగ్లముననే యుండవలెను.

ఇందొక గోయి కలదు. నా సొంత వినియోగమునకై అల్లుకొన్న చిన్న వలనుండి నేనీ పట్టికనే తీసి, గడులన్నియు నిండియుండుట చూచి మురిసి, ఆ మండలములోని తమిరిశ ఊరి మిత్రునికొకనికి చూపితిని. ఆయన రెండుమార్లు పైనుండి క్రిందికి చదివి, “ఏమండీ, మా ఊరిని కొల్లేట్లో కలిపేశారా?” అనెను. ఆ యూరి జనసంఖ్య నేను ముడివేసి యుండలేదు. రెండవ పాదము పొసగనందున ఊరే వరుసనుండి జాఱిపోయినది. రెండవ పాదమునకు ‘ఆప్షనల్’ అను మాట తగిలించినచో ఊరు నిలిచి గడి ఖాళీగా నుండెడిది. నిండుగా కనబడు పట్టికను నేను నాటినుండి నమ్మను.

రెండవ గోయి ఇంతకన్న లోతైనది. ఒక ఊరికి రెండు బోదెలు, మూడు చెరువులు కలవనుకొందము. రెంటిని ఒక్క ప్రశ్నలో అడిగినచో ప్రతి బోదె ప్రతి చెరువుతోను జతకూడి ఆఱు వరుసలు వచ్చును, ఆ వరుసలనుబట్టి చెరువుల విస్తీర్ణము కూడినవానికి నీరు రెట్టింపగును. మొదటి స్పార్కిల్‌లో లెక్కించు సాధనమే లేదు. 2013 మార్చిలో వెలువడిన రెండవ కూర్పుతో లెక్కయు, కూడికయు, అనేక విలువలను ఒకే గడిలో గుదిగ్రుచ్చు ఉపాయమును వచ్చినవి. ఇటీవల పట్టికల పక్షమువారే ఒక మెట్టు దిగిరి: 2023 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణములో గ్రాఫును చూచి పట్టికను తీయు నిర్మాణమునకు చోటు కల్పించిరి, 2024 ఏప్రిల్‌లో గ్రాఫులకే ప్రత్యేకముగా జీక్యూఎల్ అను భాషకు అంతర్జాతీయ ప్రమాణము ఏర్పడినది.

2012లో ఆరంభమైన వికీడేటా ఇట్టి బహిరంగమైన మహావల. 2015నుండి దానిని స్పార్కిల్‌లో ఎవరైనను ప్రశ్నింపవచ్చును. నందివాడ, రుద్రపాక, పుట్టగుంట, జనార్దనపురము ప్రాంతముల చదువరులు ఒకమారు దానిని తెఱచి తమ యూరికి తెలుగు పేరున్నదో లేదో, మండలముతో కలుపు దారము సరిగానున్నదో లేదో చూడవలెనని నా విన్నపము. లేనిచో మీరే చేర్పుడు. అందు ముడి వేయుటకు ఎవరి సెలవును అక్కఱలేదు.