చెరువులో స్పంజిక
స్పాంజి అనగానే గిన్నెలు తోమే పసుపుపచ్చ ముక్కే గుర్తొస్తుంది. అది ప్లాస్టిక్ నురుగు. ఆ పేరు నిజంగా చెందాల్సిన జంతువు చెరువు మెట్టుకు పచ్చటి ముద్దలా అంటుకుని ఉంటే నాచు అనేస్తాం! గ్రీకు స్పోంగియా లాటిన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి స్పాంజి అయింది. అరబ్బీ దారిన ఉర్దూలో ఇస్ఫంజ్ అయింది. పుట్టగొడుగును చెప్పే లాటిన్ ఫంగస్ కూడా దీనికి చుట్టమేనని కొందరు భాషావేత్తల మాట. మన పాఠ్యపుస్తకాలు ‘చిన్నది’ అనిపించే సంస్కృతపు ‘ఇక’ చేర్చి స్పంజిక అన్నాయి. ఈ కూర్పు నాకెంతో ఇష్టం, ఎందుకంటే లాటిన్‌లోనూ ‘చిన్నది’ అనే ప్రత్యయంతోనే మంచినీటి స్పంజికల ప్రజాతి పేరు స్పంజిల్లా పుట్టింది. 1759లో ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ వర్ణించిన జాతి స్పంజిల్లా లాకస్ట్రిస్, అంటే సరస్సులది. యూరప్, ఆసియా, ఉత్తర అమెరికా మంచినీళ్లలో వేళ్లలాంటి కొమ్మలు చాచి పెరుగుతుంది. ఆ పచ్చదనం దాని సొంతం కాదు, ఒంట్లో కాపురమున్న శైవలాలది. నీడలో పెరిగితే పాలిపోయి ఉంటుంది. ఎండినదాన్ని నలిపితే వేళ్లకు గరగరలాడుతుంది. అలా గరగరలాడేవి రెండు కొసలా మొనదేలిన సిలికా సూదులు, పాఠాల్లోని కంటకాలు. రష్యాలో ఆ పొడినే బద్యాగా పేరుతో కమిలిన చోట రాస్తారు. మన దేశంలో 1840లలో బొంబాయి చెరువుల స్పంజికలను పరిశీలించిన వైద్యుడు కార్టర్ పేరు కార్టెరి అనే జాతికి నిలిచింది. చలికి లాకస్ట్రిస్ ఒళ్లు కుళ్లిపోయినా ఆవగింజకన్నా చిన్న జెమ్యూళ్లు బతికుంటాయి. లాటిన్‌లో ఆ మాటకు చిరుమొగ్గ అని అర్థం. వసంతంలో వాటిలోంచే కొత్త స్పంజిక వస్తుంది.