వెర్సా: పేరు పోయి ఒళ్లు మిగిలిన బండి

ఉట్నూర్ చౌరస్తాలో మారుతి ఈకో వ్యాన్ వచ్చి ఆగింది. పక్క తలుపు గరగరమంటూ వెనక్కి జరిగింది. జనం దిగాక డ్రైవర్ ముందు సీటు పైకెత్తి, దాని కిందున్న ఇంజిన్‌లో ఆయిల్ చూసుకున్నాడు. సీటు కింద దాగిన ఆ ఇంజిన్ చోటు, నిటారైన ఆ డబ్బా ఒళ్లు, జరిగే ఆ తలుపులు ఈకో సొంతం కావు. కాలం చేసిన వెర్సా నుంచి వచ్చినవి.

జపాన్‌లో సుజుకి ఎవ్రీ ప్లస్‌గా తిరిగిన బండిని మారుతి 2001 అక్టోబర్‌లో వెర్సా పేరుతో ఇక్కడికి తెచ్చింది. ఆ రాక మామూలుది కాదు. అమితాబ్, అభిషేక్ తండ్రీకొడుకులు టీవీలో దాని పల్లకీ మోశారు. ఎస్టీమ్ కారులో ఉన్న 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ పెట్టారు. ఖరీదైన రకంలో ముందువాళ్లకొకటి, వెనకవాళ్లకొకటి ఏసీ. నానమ్మ నుంచి చంటిపిల్ల దాకా ఇల్లంతా చల్లగా ఒకే బండిలో పోవాలన్నది దాని ఆశ.

కొనేవాళ్ల లెక్క వేరే. కారంటే ముందు బానెట్, వెనక డిక్కీ. ఇది చూడబోతే ఓమ్నికి అక్క, ధర అడగబోతే కార్ల వరస. ఓమ్ని అంటే బడిపిల్లల బండి, సినిమాల్లో మనుషుల్ని ఎత్తుకుపోయే బండి. అంత పైసలు పెట్టి డబ్బా కొంటామా అనుకున్నారు. కిరాయికి తిప్పేవాళ్లకేమో డీజిల్ కావాలి. వాళ్లను 2000లోనే టయోటా క్వాలిస్ వచ్చి తన వైపు తిప్పుకుంది. వెర్సాకు ఇంటి ముందరా చోటు దొరకలేదు, అడ్డా మీదా దొరకలేదు. తర్వాత ధర తగ్గించినా పోయిన మోజు తిరిగి రాలేదు.

2010 జనవరిలో అదే ఒంటికి ఈకో అని కొత్త పేరు పెట్టారు. 1.2 లీటర్ల ఇంజిన్ వేశారు, జంట ఏసీ తీసేశారు, ధర దించారు. 2023 నాటికి ఆ బండి 10 లక్షలకు పైగా అమ్ముడైంది. నగలు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డప్పుడు పలకరించనివాళ్లే, అన్నీ ఒలిచేశాక లోపలికి పిలిచారు.

పుష్య అమావాస్యకు ఉట్నూర్ నుంచి ఇదే దారిలో ఇంద్రవెల్లి మీదుగా కేస్లాపూర్ నాగోబా జాతరకు ఇల్లిల్లూ కదులుతుంది. డ్రైవర్ సీటు దించి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"జర జరుగుండ్రి, ఇంకొకరు పడ్తరు."

ముసలమ్మ ఒళ్లోకి మనవరాలు చేరింది. ఇల్లంతా ఒకే బండిలో సర్దుకుంది. చల్లదనం ఒక్కటే లేదు.