పులిసిన పిండికి విరుగుడు

రొట్టెకై కలిపిన పిండి ఒక్కొక్కప్పుడు మితిమీరి పులిసిపోతుంది. దానిని పారవేయక బాగుచేసుకొనేందుకు గృహిణులు వాడిన ఉపాయానికీ, నేటి బేకింగ్ పౌడరుకూ దగ్గరి సంబంధం ఉన్నది.

18వ శతాబ్దపు అమెరికాలో అనేక కుటుంబాలవారు వారానికి సరిపడే రొట్టెలను ఒకేసారి కాల్చుకొనేవారు. ఈస్టు కలిపిన పిండిని రాత్రంతా ఉంచితే, ఈస్టు విడిచే బొగ్గుపులుసు వాయువు వల్ల అది పొంగుతుంది. కాని పిండిలో ఈస్టుతో పాటు బాక్టీరియాలు కూడా పెరిగి లాక్టిక్ ఆమ్లం మొదలైన ఆమ్లాలను తయారుచేస్తాయి. వాతావరణం వేడెక్కినా, సమయం మించినా పులుపు హెచ్చుతుంది. అప్పుడు వారం రోజుల తిండి వృథా అయినట్లే.

దీనికి విరుగుడు పొయ్యిలోని బూడిదలోనే దొరికింది. కట్టెల బూడిదను నీటిలో నానబెట్టి, ఆ తేటను ఇగిర్చి, మిగిలిన పదార్థాన్ని బాగా కాల్చితే తెల్లని క్షారం వస్తుంది. దానిని పెర్ల్యాష్ అనేవారు. అది ముఖ్యంగా పొటాసియం కార్బొనేట్. 1790 జూలై 31న అమెరికా ప్రభుత్వం ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు దీని తయారీ పద్ధతికే. దానిని పొందినవాడు శామ్యూల్ హాప్కిన్స్.

కార్బొనేట్‌పై ఆమ్లం పనిచేస్తే ఒక వాయువు వెలువడుతుందని స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రకటించిన ప్రయోగాలలో చూపాడు. పులిసిన పిండిలో పెర్ల్యాష్ వేసినప్పుడు జరిగేదీ ఇదే. పులుపు విరగడమే గాక, పిండి పొంగుతుంది కూడా. అంటే ఈస్టు లేకుండానే పిండిని పొంగించవచ్చునన్నమాట! 1796లో అమీలియా సిమన్స్ ప్రచురించిన వంట పుస్తకంలో పెర్ల్యాష్ చేర్చే వంటకాలు కనబడతాయి.

అయితే చిక్కంతా పాళ్లలో ఉన్నది. పిండి ఎంత పులిసిందో కొలిచే సాధనం వంటింట్లో లేదు. క్షారం ఎక్కువైతే కొవ్వుతో కలిసి సబ్బు రుచి వస్తుంది. 1846లో జాన్ డ్వైట్, ఆస్టిన్ చర్చ్ అనేవారు అమెరికాలో వంటసోడా వ్యాపారం ప్రారంభించారు. ఇది సోడియం బైకార్బొనేట్. తగినంత ఆమ్లం ఉంటే 84 గ్రాముల సోడా 44 గ్రాముల వాయువును ఇస్తుంది. ఆమ్లం లేక వేడి మాత్రమే తగిలితే అందులో సగమే వస్తుంది. చాకలిసోడా మిగిలిపోయి రుచిని పాడుచేస్తుంది.

కనుక ఆమ్లాన్ని కూడా కొలిచి కలపడమే సరియైన మార్గం. ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్, ఈస్టు సరిపడని తన భార్య కోసం 1843లో అట్టి పొడిని తయారుచేశాడు. హార్వర్డు ఆచార్యుడు ఎబెన్ హార్స్‌ఫర్డ్ 1856లో కాల్షియం ఆమ్ల ఫాస్ఫేటుకు పేటెంటు పొందాడు. దానిని మొదట ఎముకల నుండి తీసేవారు. సోడాతో కలిసిన ఈ పొడి ఆమ్లం తడి తగిలినప్పుడే పనిచేస్తుంది. నిల్వలో తేమ పీల్చుకొనేందుకు పిండిపదార్థాన్ని కూడా చేర్చారు.

మన ఇళ్లలో పులిసిన దోసెపిండికి చిటికెడు సోడా కలపడంలోనూ ఈ సూత్రమే ఉన్నది. రెండు గిన్నెలలో ఒకే కొలత పుల్లని మజ్జిగ తీసుకొని, ఒకదానిలో చిటికెడు, మరొకదానిలో చెంచాడు సోడా వేసి, నురుగు అణగిన తరువాత ఎర్ర లిట్మసు కాగితంతో పరీక్షిస్తే, విరుగుడు ఎక్కడ మితిమీరిందో విద్యార్థులకు కంటికే కనబడుతుంది.