అగ్గిపుల్ల నుంచి మందుబిళ్ల దాకా: ఒక దవడ వ్యాధి చరిత్ర

సింగపూరులోని జురాంగ్ వెస్ట్‌లో ఎముకల గుల్లదనానికి వారానికొక మాత్ర వేసుకునే తెలుగు వృద్ధురాలికీ, పందొమ్మిదవ శతాబ్దపు అగ్గిపెట్టెల కార్మికురాలికీ సంబంధం ఉందంటే వింతగా తోస్తుంది. ఆ సంబంధం దవడ ఎముకలో ఉంది.

1830లలో తెల్ల భాస్వరంతో చేసిన అగ్గిపుల్లలు ఐరోపాలో వ్యాపించాయి. ఆ పరిశ్రమలో పనిచేసేవారి దవడలు కుళ్లిపోవడాన్ని వియన్నా వైద్యుడు లోరిన్సర్ 1845లో వర్ణించాడు. పంటినొప్పితో మొదలై, చిగుళ్లు చీముపట్టి, చివరకు ఎముక బయటపడేది. 1888లో లండన్‌లోని బ్రయంట్ అండ్ మే కర్మాగారపు స్త్రీలు చేసిన సమ్మె ఈ పరిశ్రమలోని దుస్థితిని లోకానికి చాటింది. 1906 నాటి బెర్న్ ఒప్పందం తెల్ల భాస్వరపు అగ్గిపుల్లలను నిషేధించింది. 1913లో భారతదేశంలోనూ అందుకు చట్టం వచ్చింది. వ్యాధి క్రమంగా వైద్యగ్రంథాలకే పరిమితమైంది.

1960ల చివర హెర్బర్ట్ ఫ్లైష్ బృందం బిస్ఫాస్ఫొనేట్లు ఎముక అరుగుదలను ఆపగలవని చూపింది. ఆ కోవకు చెందిన అలెండ్రోనేట్‌కు 1995లో అమెరికాలో అనుమతి లభించింది. 2003లో మయామీకి చెందిన రాబర్ట్ మార్క్స్, పామిడ్రోనేట్, జోలెడ్రోనేట్ వాడిన 36 మందిలో మానని దవడ పుండ్లను నివేదించాడు. పాత వ్యాధే తిరిగి వచ్చినట్లనిపించింది. అయితే భాస్వరమే లేని డెనోసుమాబ్ కూడా అదే హాని చేయగలదని తరువాత తేలింది. కాబట్టి మూలం భాస్వరం ఒక్కటే కాదు. ఎముక తనను తాను పునర్నిర్మించుకునే ప్రక్రియ మందగించడం. అందుకే 2014లో అమెరికన్ శస్త్రవైద్యుల సంఘం ఈ వ్యాధి పేరులో బిస్ఫాస్ఫొనేట్లకు బదులు ‘మందులు’ అన్న విశాలమైన మాటను చేర్చింది.

దవడను పలుచని చిగురు మాత్రమే కప్పి ఉంచుతుంది. నోట్లో సూక్ష్మజీవులు నిత్యం ఉంటాయి. పన్ను పీకిన గాయం మానకపోతే ఎముక బయటపడుతుంది. ఎనిమిది వారాలు దాటినా అలాగే ఉండడం ఈ వ్యాధి లక్షణం. ఎముకల గుల్లదనానికి బిస్ఫాస్ఫొనేట్లు వాడేవారిలో ఇది పదివేలకు సుమారు ఇద్దరి నుంచి అయిదుగురికి వస్తుందని అంచనా. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులు పొందేవారిలో ముప్పు ఎక్కువ.

నాటి కార్మికురాలికి విషవాయువు తప్ప మరో దారి లేదు. నేటి రోగికి ఉంది. మందు మొదలుపెట్టకముందే పళ్లు చూపించుకోవడం, తరువాత పన్ను పీకించుకోవలసివస్తే మందు పేరు చెప్పడం ఆ దారి. స్వదేశంలో ఒక వైద్యుడు రాసిన మందు, సింగపూరులో పన్ను చూసే మరో వైద్యునికి తెలియకపోతే ఆ జాగ్రత్త తెగిపోతుంది. భయంతో మందును సొంతంగా మానడమూ ప్రమాదమే: డెనోసుమాబ్ ఆపితే వెన్నుపూసలు విరగవచ్చు. అరుదైన హానికి వెరచి, తరచు జరిగే హానిని కొనితెచ్చుకోకూడదు.