అంగన్‌వాడీలో అన్నం సరే.. చదువు సంగతేంటి? ఆరేళ్ల లోపు పిల్లల హక్కులపై చట్టాలు, పరిశోధనలు ఏం చెబుతున్నాయంటే..

నాలుగేళ్ల పిల్లాడిని ఊళ్లోని అంగన్‌వాడీకి పంపాలా? ఆటో ఎక్కించి ప్రైవేటు ఎల్‌కేజీకి పంపాలా? నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని దుత్తలూరు లాంటి మండలాల్లో జూన్ దగ్గర పడిందంటే చాలా ఇళ్లలో ఇదే చర్చ. వానల మీద ఆధారపడిన సేద్యం, కూలి పనులు, వలసలు. ఇలాంటి చోట ఫీజు కట్టడం ఒక భారం అయితే, పిల్లాడు వెనకబడిపోతాడేమో అన్న భయం ఇంకో భారం. ఇంతకీ ఆరేళ్ల లోపు పిల్లలకు ప్రభుత్వం ఏం ఇవ్వాలి? ఏది హక్కు, ఏది కాదు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముఖ్యాంశాలు:
- అంగన్‌వాడీలో భోజనం చట్టబద్ధమైన హక్కు. చదువు మాత్రం ఇంకా ఆ స్థాయికి రాలేదు.
- పిల్లలకు రోజూ కనీసం 2 గంటల పూర్వ ప్రాథమిక విద్య అందాలన్నది కేంద్రం పెట్టుకున్న లక్ష్యం.
- సెంటర్‌లో ఇంకో మనిషిని పెడితే చదువు, ఆరోగ్యం రెండూ మెరుగైనట్లు తమిళనాడు పరిశోధనలో తేలింది.

ఆరేళ్ల లోపే ఎందుకంత ముఖ్యం?

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని జాతీయ విద్యా విధానం 2020 చెబుతోంది. అందుకే పాత 10+2 పద్ధతి స్థానంలో 5+3+3+4 పద్ధతి తెచ్చింది. ఇందులో మొదటి అయిదేళ్లు అంటే 3 నుంచి 8 ఏళ్ల వయసు. మూడేళ్లు అంగన్‌వాడీ లేదా ప్రీ స్కూల్, ఆ తర్వాత ఒకటి, రెండు తరగతులు.

దీనికి మన దగ్గరే ఒక సాక్ష్యం ఉంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో ఒక అధ్యయనం జరిగింది. అప్పటికి కొన్ని ఊళ్లకే ఐసీడీఎస్ పథకం వచ్చింది. ఆ ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. పథకం రాని ఊళ్లతో పోల్చారు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ పరీక్షిస్తే, ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. రక్తనాళాల పరీక్షల్లోనూ మెరుగ్గా కనిపించారు. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి.

తిండి ఒక్కటే సరిపోదు. ఆట, మాట కూడా కావాలి. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1986-87లో వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పసివాళ్లను ఎంచుకున్నారు. వాళ్లలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి వెళ్లి, పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు నేర్పారు. ఇలా రెండేళ్లు చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ పిల్లల సంపాదన మిగతా వాళ్లకంటే 25 శాతం ఎక్కువగా ఉంది.

అంగన్‌వాడీ ఎలా మొదలైంది?

రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు సాయంతో పల్లెల్లో బాల్వాడీలు నడిచాయి. ఆ తర్వాత 1975 అక్టోబర్ 2న దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ ప్రారంభమైంది. ఊరి స్థాయిలో ఆ పథకానికి ముఖమే అంగన్‌వాడీ.

ఇక్కడ ఆరు సేవలు అందాలి. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య అవగాహన, పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. ఆంధ్రప్రదేశ్‌లో 257 ఐసీడీఎస్ ప్రాజెక్టుల కింద మెయిన్, మినీ కలిపి 55,607 కేంద్రాలతో ఈ వ్యవస్థ విస్తరించింది.

ఏది హక్కు? ఏది కాదు?

అసలు విషయం ఇక్కడే ఉంది.

భోజనం విషయంలో చట్టం గట్టిగా ఉంది. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013 ప్రకారం 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఉదయం అల్పాహారం, వేడి భోజనం పెట్టాలి. చట్టం వచ్చినప్పుడు రెండూ కలిపి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ ఉండాలని రాశారు. అంతకంటే చిన్న పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు కూడా లెక్కలు రాసి ఉన్నాయి. పెట్టకపోతే నిలదీయొచ్చు.

కేంద్రం విషయంలోనూ కోర్టు స్పష్టంగా చెప్పింది. ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని పల్లెవాసులు గానీ మురికివాడల వాళ్లు గానీ అడిగితే, మూడు నెలల్లోపు కేంద్రం ఇవ్వాలని 2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

మరి చదువు? 2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చదువును ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్ల లోపు వాళ్లను మాత్రం 45వ అధికరణలో పెట్టింది. అది ఆదేశిక సూత్రం. అంటే ప్రభుత్వం ప్రయత్నించాలి అంతే, కోర్టులో హక్కుగా అడగలేం. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా మూడేళ్లు నిండిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య కోసం ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అంటుంది. ‘చేయాలి’ అనదు. ఆ ఒక్క మాటే తేడా.

అందుకే గుడ్డు రాకపోతే గొడవ అవుతుంది. ఆ రోజు పాఠం చెప్పకపోతే ఎవరూ అడగరు.

ఏపీలో పిల్లల పరిస్థితి ఏంటి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) లెక్కల ప్రకారం ఏపీలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 29.6 శాతం మంది తక్కువ బరువుతో ఉన్నారు. 6 నెలల నుంచి 59 నెలల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు సర్వేలో రక్తహీనత 58.6 శాతమే. అంటే తగ్గాల్సింది పెరిగింది.

చదువు ఎక్కడ ఆగిపోతోంది?

జాతీయ ఈసీసీఈ విధానం 2013లో వచ్చింది. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు 20 మందికి ఒకరు, మూడేళ్ల లోపు వాళ్లు 10 మందికి ఒకరు ఉండాలని చెప్పింది. రోజుకు 3 నుంచి 4 గంటలు, 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది ఉండాలంది.

2023 మేలో కేంద్రం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం మొదలుపెట్టింది. అంటే పోషణతో పాటు చదువు కూడా. రోజుకు కనీసం రెండు గంటలు నాణ్యమైన బోధన ఉండాలన్నది లక్ష్యం. 3 నుంచి 6 ఏళ్ల పిల్లల కోసం ‘ఆధార్‌శిల’ పాఠ్యప్రణాళిక కూడా సిద్ధం చేశారు.

కాగితం మీద అంతా బాగుంది. కానీ సెంటర్‌లో ఉండేది ఒక టీచర్, ఒక ఆయా. హాజరు, సరుకులు, బరువు, ఎత్తు, ఫోన్‌లో యాప్‌లు, ఇళ్ల సందర్శన, టీకాల రోజు హడావుడి, మధ్యలో సర్వేలు. ఇవన్నీ ఆ టీచరమ్మ పనే. ఇందులో పాఠానికి మిగిలే టైమ్ ఎంత?

ఈ ప్రశ్నకే పక్క రాష్ట్రం తమిళనాడులో జవాబు వెతికారు. ఆర్థికవేత్తలు గనిమియన్, మురళీధరన్, వాల్టర్స్ నాలుగు జిల్లాల్లో 640 అంగన్‌వాడీలను తీసుకున్నారు. అందులో సగం కేంద్రాలకు చదువు చెప్పడానికే ఒక అదనపు కార్యకర్తను ఇచ్చారు. అది కూడా సగం పూట పనికే. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆ కేంద్రాల్లో బోధన సమయం రెట్టింపు అయింది. పిల్లల లెక్కలు, భాష మెరుగయ్యాయి. పాత టీచర్‌కు తీరిక దొరకడంతో పోషణ, ఆరోగ్యం పనులపైనా ఎక్కువ సమయం పెట్టారు. దాంతో తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గింది.

కొత్త భవనం, కొత్త పేరు కంటే ఒక మనిషి, కొన్ని గంటలు. అవే ఫలితం చూపించాయి.

మన రాష్ట్రంలో మాత్రం ఉన్న మనుషులే రోడ్డెక్కాల్సి వచ్చింది. జీతాల పెంపు, గ్రాట్యుటీ కోసం ఏపీ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి టీచర్‌కు నెలకు రూ.11,500, ఆయాకు రూ.7,000 వచ్చేవి. 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా కూడా ప్రయోగించింది. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పు ఇచ్చినా, దాని కోసం టెంట్లు వేసుకుని కూర్చోవాల్సి వచ్చింది.

పేర్లు మారాయి.. పని మారిందా?

ఏపీలో గత కొన్నేళ్లుగా మార్పులు చాలానే జరిగాయి. అంగన్‌వాడీలను ప్రీ ప్రైమరీ స్కూళ్లుగా పిలిచారు. పీపీ-1, పీపీ-2 అని తరగతులు పెట్టారు. 2022లో జీవో 117తో శాటిలైట్ ఫౌండేషన్, ఫౌండేషన్, ఫౌండేషన్ ప్లస్ అంటూ బడులను విడదీశారు. ప్రభుత్వం మారాక 2025లో ఆ జీవోను పక్కనపెట్టి బడుల వర్గీకరణను మళ్లీ మార్చారు. బోర్డు మీద ఏం రాసినా, నాలుగేళ్ల పిల్లాడికి కావాల్సింది రోజూ తనతో మాట్లాడి, ఆడించి, కథ చెప్పే మనిషి.

మరి ప్రైవేటు ఎల్‌కేజీ మేలా?

అంత సులువుగా చెప్పలేం. ఢిల్లీ అంబేడ్కర్ యూనివర్సిటీ, అసర్ సెంటర్ కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, అస్సాం, రాజస్థాన్‌లలో 2011 నుంచి దాదాపు 14 వేల మంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా గమనించాయి. ప్రైవేటు ప్రీ స్కూళ్లలో ఎక్కువ చోట్ల ఆట తక్కువ, రాత, బట్టీ ఎక్కువ అని తేలింది. అంగన్‌వాడీల్లోనేమో పద్ధతిగా జరిగే బోధన తక్కువ. అయిదేళ్లు నిండినా చాలామంది పిల్లలు ఒకటో తరగతికి తయారుగా లేరు. ఎక్కడ చదివారన్న దానికంటే, అక్కడ ఏం జరుగుతోందన్నదే ముఖ్యం.

ఉమ్మడి ఏపీలో 3 వేల మంది పిల్లలను 2002 నుంచి అనుసరించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఇంకో చేదు నిజం బయటపెట్టింది. ప్రైవేటు బడి దక్కడం ఇంటి ఆదాయం, ఊరుతో పాటు ఆడపిల్లా, మగపిల్లాడా అన్న దాని మీద కూడా ఆధారపడింది. ఫీజు ఒక్కరికే కట్టగలిగితే ఆ ఒక్కరు ఎక్కువగా అబ్బాయే.

మూడేళ్ల లోపు వాళ్ల మాటేంటి?

విధానాల్లో ఎక్కువ నిర్లక్ష్యానికి గురైంది ఈ వయసే. వీళ్లకు బాలామృతం, గుడ్లు ఇంటికి వస్తాయి. తల్లి పనికి వెళ్తే చూసుకునే మనిషి మాత్రం రారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూల్‌లో దీనికి ఒక ఏర్పాటు రాశారు. పని దగ్గరికి తల్లులతో వచ్చిన ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు, అంతకంటే ఎక్కువ ఉంటే, ఒక మహిళను వాళ్లను చూసుకోవడానికే పెట్టాలని ఆ చట్టం చెప్పింది. ఆమెకు కూలి ఇవ్వాలని కూడా చెప్పింది. మెట్ట ప్రాంతంలో ఎండాకాలం పనులకు వెళ్లే తల్లులు అడగాల్సిన మాట ఇది. కేంద్రం ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీతో కలిపి శిశు సంరక్షణ కేంద్రాల పథకం కూడా నడుపుతోంది. మూడేళ్ల లోపు పిల్లలతో ఇంట్లో చేయించే ఆటపాటల కోసం 140 కార్యకలాపాలతో ‘నవచేతన’ అనే మార్గదర్శిని 2024లో వచ్చింది.

తల్లిదండ్రులు ఏం చూడాలి? ఎవరిని అడగాలి?

దుత్తలూరు అయినా, ఉదయగిరి, ఆత్మకూరు వైపు మరే ఊరు అయినా ఈ ప్రశ్నలు అడగొచ్చు:
- రోజుకు రెండు గంటలు ఆట, పాట, కథ, మాట జరుగుతున్నాయా? సాయంత్రం పిల్లాడిని ‘ఈ రోజు ఏం కథ చెప్పారు?’ అని అడిగితే సగం తెలిసిపోతుంది.
- ప్రతి నెలా బరువు, ఎత్తు చూస్తున్నారా? ఆ అంకెలు మీకు చెబుతున్నారా?
- టీచర్ పోస్టు గానీ ఆయా పోస్టు గానీ ఖాళీగా ఉందా? ఎన్నాళ్ల నుంచి?
- తాగునీరు, మరుగుదొడ్డి ఉన్నాయా? సొంత భవనమా, అద్దె గదా?
- ప్రైవేటుకు పంపుతుంటే, మూడేళ్ల పిల్లాడితో పేజీలకు పేజీలు రాయిస్తున్నారా?

సమస్య ఉంటే ముందు టీచర్‌తో, తర్వాత సెక్టార్ సూపర్‌వైజర్‌తో మాట్లాడాలి. పని కాకపోతే ప్రాజెక్టు సీడీపీఓకు రాసివ్వాలి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వొచ్చు. నోటి మాట కంటే కాగితం మేలు, రసీదు తీసుకోవడం ఇంకా మేలు.

మొత్తంగా చూస్తే అన్నం విషయంలో చట్టం తల్లిదండ్రుల పక్కన ఉంది. చదువు విషయంలో ఇంకా లేదు. 11వ సెక్షన్‌లో ‘చేయవచ్చు’ అన్న మాట ‘చేయాలి’గా మారే వరకు, ఆ రెండు గంటల కోసం రోజూ అడగాల్సింది ఊళ్లోని అమ్మానాన్నలే.