డీఎన్‌ఏ పురి విప్పే పెట్రోల్, మన భీమవరం సుబ్బారావు గారు

మాది కోనసీమ కాబట్టి కొబ్బరి తాడుతోనే మొదలుపెడతాను. రెండు పేటలు పురి పెట్టి పేనిన తాడు చూసే ఉంటారు. ఒక చివర రెండు పేటలూ పట్టుకుని చెరో పక్కకీ లాగండి. విడిపోతుంది, కానీ మిగతా తాడు గిర్రున తిరుగుతుంది. మన ఒంట్లో డీఎన్‌ఏ కూడా అచ్చం ఇంతే.

1997లో ఫ్రాన్స్‌లో ఎస్సెవాజ్ రూలే, బోకెల్‌మన్, ఎస్లో అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒకే ఒక్క డీఎన్‌ఏ అణువుని ఇలా లాగి చూశారు. సన్నటి గాజు సూది ఎంత వంగిందో చూసి బలం లెక్కకట్టారు. 10 నుంచి 15 పికోన్యూటన్లు! అంటే ఒక బియ్యపు గింజ బరువులో దాదాపు కోటో వంతు. ఇంకో తమాషా ఏంటంటే, ఆ బలం ఒకేలా లేదు. ఏ-టీ జంటకి రెండు హైడ్రోజన్ బంధాలు, జీ-సీ జంటకి మూడు. జీ-సీలు ఎక్కువున్న చోట గట్టిగా లాగాల్సి వచ్చింది.

మరి కణంలో లాగేదెవరు? హెలికేజ్ అనే ఎంజైమ్. దానికి పెట్రోల్ ఏటీపీ. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో కనిపెట్టింది ఫిస్క్, ఆయనతో పాటు మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు.

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదివారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవ్వలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ బదులు చిన్న సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. స్ప్రూ జబ్బు సోదరుణ్ణి తీసుకుపోయింది. బోస్టన్ వెళ్లిపోయారు.

తర్వాత లెడర్లీ కంపెనీలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేశారు. పేటలు విడిపోతే సరిపోదు కదా, కొత్త పేట అల్లాలి. ఆ అల్లికకి కావాల్సిన ముక్కలు తయారవ్వాలంటే ఫోలిక్ యాసిడ్ ఉండాలి. దాన్ని అడ్డుకుంటే క్యాన్సర్ కణం పెరగడం ఆగుతుంది. ఆయన టీమ్ చేసిన అమినోప్టెరిన్‌ని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947లో లుకేమియా పిల్లలకి ఇచ్చారు. కొందరిలో జబ్బు కొన్నాళ్లు తగ్గింది. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు.

1948లో, 53 ఏళ్లకే ఆయన పోయారు. డీఎన్‌ఏ రెండు పేటల తాడని ప్రపంచానికి తెలిసింది 1953లో. అంటే ఆ తాడు ఎలా ఉంటుందో చూడకుండానే, దాన్ని విప్పే పెట్రోల్‌నీ, అల్లికని ఆపే మందునీ మనకిచ్చి వెళ్లారు.

ఈసారి పరీక్ష పోయిందని ఎవరైనా దిగులుపడితే ఈ కథ చెప్పండి. ఉంటాను మరి!